అజోబెంజీన్ ఫిల్మ్ మీద 365 నానోమీటర్ల టార్చ్ ఎంతవరకు పనికొస్తుంది?

అజోబెంజీన్ లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్‌ను, అంటే కాంతికి ఆకారం మార్చే అణువులు వరసగా పేర్చి ఉన్న పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ను, వంచి చూపడానికి ఈ యూవీ టార్చ్ బాగానే సరిపోతుంది. కొనేటప్పుడు 395 రకం అంటగడతారు, తీసుకోకండి. నిటారుగా ఉండే ట్రాన్స్ అణువు 360 దగ్గరే కాంతిని గట్టిగా పీల్చి, వంగిన సిస్ రూపానికి మారుతుంది. 9 ఆంగ్‌స్ట్రామ్‌ల (0.9 నానోమీటర్ల) పొడవు సుమారు 5.5కి పడిపోవడంతో పక్కనున్న అణువుల వరస కూడా చెదిరిపోతుంది.

ఒకదానికొకటి అడ్డంగా తిప్పి (క్రాస్ చేసి) పెట్టిన రెండు పోలరైజర్ల, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే రేకుల, మధ్య ఫిల్మ్‌ను 45 డిగ్రీల కోణంలో పెట్టి టార్చ్ వేస్తే ఇది కళ్ళకు కడుతుంది. వెలుగుతున్న ఫిల్మ్ మీద మధ్యలో ఒక నల్ల మచ్చ పుట్టి అంచులకు పాకుతుంది. ఎంత చూసినా తనివి తీరదు!

నల్లటి ఫిల్టర్ గాజు లేని టార్చ్‌లో కాస్త నీలి వెలుగు కూడా వస్తుంది. అది సిస్‌ను వెనక్కి తిప్పేస్తుంది కాబట్టి వంపు సగంలోనే ఆగుతుంది. ఫిల్మ్ మందం 10–20 మైక్రాన్లు మించకూడదు. కాంతి పై పొరలోనే ఆగి అక్కడే సంకోచం కలిగిస్తుంది, మందం పెరిగితే ఆ లాగుడు చాలదు. గాజు స్థితిలో, అంటే అణువులు కదలలేనంత బిగుసుకుని ఉన్న ఫిల్మ్‌ను హాట్ ప్లేట్ మీద వేడిచేయాలి.

అణువులను కోరిన దిశకు తిప్పాలంటే మాత్రం ఈ టార్చ్ వద్దు. మామూలు ప్లాస్టిక్ పోలరైజర్ యూవీని మింగేస్తుంది, పాడవుతుంది కూడా. 450 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీ ముందు అదే పోలరైజర్ పెడితే చాలు, అణువులు ధ్రువణ దిశకు (ఆ కాంతి కంపించే దిశకు) అడ్డంగా సర్దుకుంటాయి.

యూవీ కళ్ళద్దాలు తప్పనిసరి.