12 అంగుళాల బ్యాండ్‌సా 8 నెలలు వాడాక: అదురు ఒక జబ్బు, అలైన్‌మెంట్ ఇంకో జబ్బు

పోయిన దసరాకి కొన్నానండి ఈ 12 అంగుళాల బ్యాండ్‌సా, అంటే పైనొకటి కిందొకటి ఉండే రెండు చక్రాల మీద పట్టీలాంటి బ్లేడు చుట్టూ తిరుగుతూ చెక్క కోసే మిషన్. మోటరు బెల్టుతో కింది చక్రాన్ని తిప్పుతుంది, బ్లేడు పై చక్రాన్ని లాక్కెళ్తుంది. కింద స్టాండు, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు, 2240 ఎంఎం బ్లేడు, రవాణాతో కలిపి 62 వేలు అయింది. ఉప్పల్ దగ్గర మా ఇంట్లో పార్కింగ్ పక్కన చిన్న గది ఉంటే అందులో పెట్టుకున్నా, ఆదివారాలు పిల్లలకి బొమ్మలు, ఇంట్లోకి పీటలు, స్టూళ్ళు చేస్తుంటా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ సైజులో దొరికే మిషన్లు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి, నాకొచ్చిన ఇబ్బంది వేరే రంగు మిషన్ కొన్నవాళ్ళకి కూడా రావచ్చు.

మొదటి రోజు స్విచ్ వేయగానే మిషన్ మొత్తం అదిరిపోయింది, టేబుల్ మీద పెట్టిన పెన్సిల్ దొర్లుకుంటూ పోయి కింద పడింది. పైన అద్దెకుండే పిన్నిగారు దిగొచ్చి "ఏం బాబూ, గోడలు కూడా అదురుతున్నాయి, అంతా బానే ఉందా" అని అడిగారు. కోత కూడా బాలేదు. టేకు ముక్క కోస్తే కోసిన వైపు అంతా గీతలు గీతలుగా మెట్లు పడ్డాయి, బ్లేడేమో పై చక్రం టైరు (చక్రం అంచుకి తొడిగిన రబ్బరు పట్టీ) మీద ఒకసారి ముందుకి ఒకసారి వెనక్కి నడుస్తోంది. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే "కొత్త మిషన్ కద సార్, కొన్నాళ్ళు నడిస్తే అదే సెట్ అవుతుంది" అన్నారు. రెండోసారి వీడియో పంపమన్నారు, పంపా, ఇంతవరకు జవాబు లేదు. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. వేళ్ళకి నాలుగు అంగుళాల దూరంలో బ్లేడు తిరిగే మిషన్ గురించి అదే సెట్ అవుతుందని ఎలా చెప్తారండీ.

సరే అని నేనే మొదలుపెట్టా. చదివిందంతా వీల్ అలైన్‌మెంట్, అంటే రెండు చక్రాలూ ఒకే వరసలో ఉండటం గురించే ఉండేసరికి అదురుకి కారణం అదేనని ఫిక్స్ అయిపోయి రెండు ఆదివారాలు దాని మీదే పెట్టా. ప్లగ్గు పీకి రెండు డోర్లు తెరిచి, ప్లాస్టరింగ్ మేస్త్రీలు వాడే అల్యూమినియం బద్ద ఒకటి తెచ్చి పై చక్రం అంచుకీ కింది చక్రం అంచుకీ ఆనించి చూశా. పై చక్రానికి రెండు చోట్లా ఆనింది, కింది చక్రం దగ్గర మాత్రం 3 ఎంఎం సందు. ఇది చూసేటప్పుడు బ్లేడు టెన్షన్‌లోనే (బిగించే) ఉండాలి, ఎందుకంటే టెన్షన్ ఎక్కిస్తే ఫ్రేమ్ కొద్దిగా వంగుతుంది, లూజుగా ఉన్నప్పుడు చూసిన లెక్క బిగించాక పనికిరాదు. తర్వాత టెన్షన్ తీసేసి, కింది చక్రం ఊడదీసి, షాఫ్టు మీద చక్రం వెనకాల పల్చటి వాషర్లు ఒక్కోటే వేసుకుంటూ, మళ్ళీ బిగించి మళ్ళీ చూసుకుంటూ మొత్తానికి ఆ సందు పోగొట్టా. పై చక్రం వెనక ట్రాకింగ్ నాబ్ (చక్రాన్ని కొద్దిగా వంచి బ్లేడుని మధ్యకి తెచ్చే మర) సెట్ చేశాక బ్లేడు టైరు మధ్యలో కుదురుగా నిలబడింది, ఎంత సంతోషం వేసిందో. స్విచ్ వేశా. అదురు రవ్వంత కూడా తగ్గలేదు.

మా సందు చివర సామిల్లు ఉంది, అక్కడ పెద్ద బ్యాండ్‌సా మీద ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రి బాబాయ్‌కి చెప్తే ఆయన ఒక్కటే అడిగాడు, "బ్లేడు తీసి నడిపావా, బెల్టు తీసి నడిపావా" అని. నేను రెండూ చేయలేదు. అప్పుడు ఆయన చెప్పింది, బ్లేడు తిరుగుళ్ళు తిరగడం ఒక జబ్బు, మిషన్ అదరడం ఇంకో జబ్బు, ఒక దాని మందు ఇంకోదానికి పనిచేయదు బాబూ అని. చక్రాలు వరసలో లేకపోతే బ్లేడు పక్కకి జరుగుతుంది, టైరు అరుగుతుంది. అదురు వచ్చేది తిరిగే దాంట్లో ఏదో ఒకటి బరువు సమానంగా లేకపోతేనో, గుండ్రంగా లేకపోతేనో. ఈ తేడా నాకు మొదటి రోజే తెలిసుంటే రెండు ఆదివారాలు మిగిలేవి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఆయన చెప్పినట్టే చేశా. బెల్టు తీసేసి ఒట్టి మోటరు వేస్తే ఏ అదురూ లేదు, 1440 ఆర్‌పీఎం మీద మెత్తగా తిరుగుతోంది. బెల్టు వేసి, బ్లేడు మాత్రం తీసి, డోర్లు మూసి వేస్తే మళ్ళీ గోడలు అదిరాయి. పై చక్రం అప్పుడు తిరగను కూడా తిరగట్లేదు కాబట్టి దాని తప్పేం లేదు, తప్పు బెల్టులోనో పుల్లీల్లోనో కింది చక్రంలోనో ఉండాలి. బెల్టు తీసి నేల మీద పెట్టి చూస్తే గుండ్రంగా లేదు, రెండు పుల్లీల మీద బిగించి నెలల తరబడి డబ్బాలో ఉంచేసరికి కోడిగుడ్డు ఆకారంలో గట్టిపడిపోయింది. తిరిగిన ప్రతిసారీ ఆ వంపు పుల్లీ మీద ఎగిరి పడుతోందన్నమాట. దానికి తోడు మోటరు పుల్లీ స్క్రూ సగం లూజు, పుల్లీ 4 ఎంఎం పక్కకి జరిగి ఉంది. బెల్టు మీద ఉన్న నంబరు రాసుకుని రాణిగంజ్ వెళ్ళి అదే నంబరు మంచి రకం తెచ్చా, 300 లోపే అయింది. దారం లాగి పట్టుకుని రెండు పుల్లీలూ ఒకే గీతలోకి తెచ్చి స్క్రూ బిగించా. ముప్పావు వంతు అదురు అక్కడే పోయింది!

మిగిలిన పావు వంతులో కొంత పై చక్రానిది. బ్లేడు లేకుండా చేత్తో తిప్పి వదిలేస్తే ప్రతిసారీ ఒకే చోటు కిందకొచ్చి ఆగుతోంది, అంటే ఆ చోటు బరువెక్కువ. కార్ల వీల్ బ్యాలెన్సింగ్ షాపులో అంటించే చిన్న బరువులు అడిగి తెచ్చుకుని, ఆ చోటుకి సరిగ్గా ఎదురు వైపు, రిమ్ము లోపలి ముఖానికి థిన్నర్‌తో తుడిచి అంటించా. లోపలే ఎందుకంటే చక్రం తిరిగేటప్పుడు బరువు బయటికి తోసుకుని రిమ్ముకే ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది, వేరే చోట అంటిస్తే ఊడి ఎగిరొచ్చే ప్రమాదం. ఇప్పుడు ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతోంది. కింది చక్రం టైరు మీద పొట్టు, జిగురు కలిసి గడ్డలు కట్టుంటే అవీ గీకేశా, వేప చెక్క కోశాక ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఆ తర్వాత కూడా టక్ టక్ అని ఒక శబ్దం మిగిలింది. అది బ్లేడు అతుకుది. చేత్తో నెమ్మదిగా తిప్పుతుంటే చక్రం రెండు చుట్లు దాటి మూడోది సగం కాకముందే ఒకసారి టక్‌మంటోంది. చక్రం చుట్టుకొలత 940 ఎంఎం చిల్లర, బ్లేడు 2240, లెక్క సరిపోయింది. వెల్డింగ్ దగ్గర వీపు వైపు చిన్న మెట్టుంది, సానరాయితో మెల్లగా అరగదీస్తే పోయింది. అసలు మిషన్‌తో ఇచ్చిన బ్లేడే నాసిరకం, మందం చెక్క నిలువునా చీల్చడానికి అర అంగుళం వెడల్పు, అంగుళానికి 3 పళ్ళున్న బ్లేడు వేరే కొనుక్కోండి.

ఇప్పుడు మిషన్ నడుస్తుంటే టేబుల్ మీద పాత మందం 5 రూపాయల బిళ్ళ నిలువునా నిలబడుతోంది. టేబుల్ పోత ఇనుముది, చదునుగా ఉంది, బ్లేడు పక్కకి, వెనక్కి పోకుండా ఆపే గైడ్ బేరింగులు మంచివే ఇచ్చారు, 1 హెచ్‌పీకి నాలుగు అంగుళాల టేకు కూడా తొందరపెట్టకుండా తోస్తే ఆగకుండా కోస్తుంది. మిషన్‌కి 4 స్టార్లు ఇస్తా, సర్వీసుకి 1 ఇవ్వడం కూడా ఎక్కువే. కొనేవాళ్ళు డబ్బా వచ్చిన రోజే డోర్లు తెరిచి బద్ద ఆనించి ఫొటోలు, బెల్టు తీసి వేసి వీడియోలు తీసి పెట్టుకోండి, నేను పది రోజులు ఆగేసరికి రిటర్న్ గడువు అయిపోయింది. పని అయిపోయాక టెన్షన్ వదిలేయండి, లేకపోతే టైరు మీద బ్లేడు గుంట పడి మళ్ళీ ఇదే అదురు కొత్తగా మొదలవుతుంది.

ఫెన్స్, అంటే చెక్కని ఆనించి తిన్నగా తోయడానికి టేబుల్ మీద బిగించే బద్ద, అదొక్కటే ఇంకా కుదరలేదు. బిగిస్తే వెనక కొస ఒక ఎంఎం పక్కకి పోతోంది, ఎన్నిసార్లు సరిచేసినా అంతే. దాన్ని పక్కన పెట్టేసి పాత తలుపు టేకు బద్దతో వేరేది చేసుకుంటున్నా.