రాష్ట్రపతి సంతకం: ఆల్బమ్ పేజీ మేలా, రెండు వాక్యాల ఉత్తరం మేలా?

సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన తన పాత కాగితాలు అమ్మేస్తున్నారని తెలిసి వెళ్లాను. బల్ల మీద రెండు పెట్టారు. ఒకటి ఆటోగ్రాఫ్ పుస్తకంలోంచి తీసిన లేతగులాబీ పేజీ. దాని మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ సంతకం, అంతే. తేదీ లేదు, ఎవరికి ఇచ్చారో లేదు. రెండోది వి.వి. గిరి సంతకంతో ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. రాష్ట్రపతిగా ఎన్నికైనందుకు అభినందనలు పంపిన ఒక హైదరాబాద్ టీచరుకు రెండు వాక్యాల్లో కృతజ్ఞతలు. తేదీ 1969 సెప్టెంబరు. రెండింటికీ ఒకటే ధర. నా దగ్గర ఒకదానికే డబ్బుంది.

"ఇందులో ఆలోచించేదేముందిరా, రాధాకృష్ణన్‌ది తీసుకో" అన్నాడు వెంట వచ్చిన మా బావ. పేరును బట్టి చూస్తే ఆయన మాట సబబే. నేను మాత్రం ఉత్తరమే తెచ్చుకున్నాను.

రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. తర్వాత మాస్కోలో రాయబారి, 1952 నుంచి పదేళ్లు ఉపరాష్ట్రపతి, 1962 నుంచి అయిదేళ్లు రాష్ట్రపతి. ఆ గులాబీ పేజీ వీటిలో ఏ కాలానిదో ఎలా తేలుతుంది? రాష్ట్రపతి అయిన మనిషి సంతకం వేరు, రాష్ట్రపతిగా చేసిన సంతకం వేరు. సేకరించేవాళ్లు రెండోదానికే ఎక్కువ విలువ కడతారు.

ఇక ఉత్తరం మీదున్న తేదీ సంగతి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. పదవిలో ఉండగా మరణించిన తొలి రాష్ట్రపతి ఆయన, పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మర్నాడు రాజీనామా చేసి ఎన్నికల బరిలో దిగారు. ఎదురు నిలిచింది కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువాళ్లే! మనస్సాక్షి ప్రకారం ఓటేయమన్న ఇందిరాగాంధీ పిలుపుతో ఆ పార్టీయే రెండుగా చీలే దాకా వెళ్లింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాక, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గిరి నెగ్గారు. ఆగస్టు 24న ప్రమాణం చేశారు. నేను కొన్న కాగితం మీద తేదీ దానికి మూడు వారాల తర్వాతది. ఇంత గొడవ గడిచాక ఎక్కడో హైదరాబాద్‌లో ఉన్న టీచరుకు జవాబు వెళ్లింది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

గిరి రాజీనామాకూ ప్రమాణానికీ మధ్య 35 రోజులు రాష్ట్రపతి బాధ్యతలు చూసింది ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా. ఆ రోజుల్లో ఆయన రాష్ట్రపతి హోదాలో సంతకం చేసిన కాగితం దొరికితే అసలు వదలకండి. అమెరికా వాళ్లకు విలియం హెన్రీ హారిసన్ అలాంటివాడు. 1841లో నెల రోజులే పదవిలో ఉండి పోయాడు కాబట్టి ఆయన అధ్యక్ష సంతకాలు మహా అరుదు.

అయితే ఉత్తరంలో ఒక ప్రమాదం ఉంది, దాచకుండా చెప్పాలి. ఆల్బమ్ పేజీ మీద సంతకం సాధారణంగా ఎదురుగా నిలబడి పెట్టించుకున్నదే. ఉత్తరం మీద సహాయకులో యంత్రమో పెట్టి ఉండొచ్చు. అమెరికాలో 1833 తర్వాతి భూమి పట్టాల మీద అధ్యక్షుడి పేరు రాసింది కార్యదర్శులే, అలా రాయొచ్చని చట్టమే చేశారు. కెనెడీ ఉత్తరాల్లో ఆటోపెన్ యంత్రం రాసినవీ, సెక్రటరీ రాసినవీ బోలెడు. అందుకే భూతద్దం లేకుండా నేను బయల్దేరను. చేత్తో రాసిన గీత ఒత్తిన చోట చిక్కబడుతుంది, తిప్పిన చోట పలచబడుతుంది. యంత్రం గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. అదే సంతకం ఇంకో కాగితం మీద అచ్చు గుద్దినట్టు కనిపిస్తే అనుమానించాల్సిందే, ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చేయడు. గిరి ఉత్తరంలో సిరా చక్కగా ఎగుడుదిగుడుగా ఉంది.

సంతకం చేసిన ఫస్ట్ డే కవర్ల (కొత్త తపాలా బిళ్ల విడుదలైన రోజు ముద్రతో వచ్చే కవర్ల) మాట కూడా అడుగుతుంటారు. రాజేంద్రప్రసాద్ పదవీ విరమణకు 1962 మే 13న వచ్చిన బిళ్ల లాంటిది కవరు మీద ఉండి, పక్కనే సంతకం ఉంటే గోడకు అందం. కాకపోతే పోస్టు ముద్ర బిళ్ల విడుదల తేదీ చెబుతుంది, సంతకం తేదీ చెప్పదు. పిల్లలకు ఈ అలవాటు నేర్పాలంటే మటుకు అబిడ్స్ జీపీవో (పెద్ద పోస్టాఫీసు)లో తపాలా బిళ్లలు సేకరించేవాళ్ల కోసం ఉండే ఫిలాటెలీ కౌంటరు దగ్గర ఉత్త కవర్లతో మొదలుపెట్టించండి.

ఏది కొన్నా లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికీ జిగురుకీ కాగితం చస్తుంది, మళ్లీ విడదీయలేం. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుంది, వానాకాలం చెమ్మకు రామబాణం పురుగులు చేరతాయి. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, పాలిస్టర్ కవరులో చీకటిగా ఉంచడం మేలు.

నా ఫైల్లో గిరి ఉత్తరానికి ఎదురు పేజీ ఖాళీగా ఉంచాను. సంజీవరెడ్డి 1977 జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆ నెలల్లో ఆయన ఎవరికైనా రాసిన కృతజ్ఞతల ఉత్తరం కోసం ఆదివారం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నాను.