అంతరిక్షం చూసొచ్చిన నౌకల దగ్గరికి: ఫ్లోరిడా, హ్యూస్టన్, వర్జీనియా

ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే నయాగరా, డిస్నీ, న్యూయార్క్ తిప్పడం ఇక్కడ మనవాళ్లకు మామూలే. ఆ లిస్టులో రిటైరైన స్పేస్ షటిల్ (వ్యోమగాముల్ని అంతరిక్షానికి తీసుకెళ్లి తెచ్చిన అమెరికా నౌక) కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం. భూమి చుట్టూ వేల సార్లు తిరిగి, నిప్పుల్లోంచి దిగివచ్చిన బండి కళ్లెదుట నిలబడి ఉంటే చూడకుండా ఎలా వెళ్తాం? మేం మూడు చోట్లకు వెళ్లాం. మూడింటికీ పోలికే లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ ఓర్లాండో నుంచి కారులో గంట ప్రయాణం. టికెట్, పార్కింగ్ కలిపి నలుగురికి మూడు వందల డాలర్లు దాటిపోతుంది. ఉదయం తలుపులు తీసేసరికి అక్కడుంటేనే ఆ డబ్బుకు న్యాయం. బస ఓర్లాండోలో కంటే టైటస్‌విల్‌లోనో కోకో బీచ్‌లోనో పెట్టుకోవడం మంచిది. కానీ ముందు రాకెట్ ప్రయోగాల తేదీలు చూసుకోండి, ఆ రాత్రుళ్లు గదుల రేట్లు భగ్గుమంటాయి. మేం దిగిన మోటెల్‌లో ప్రయోగం వాయిదా పడిందని ఒక రోజు తగ్గించుకుంటామంటే డబ్బు తిరిగివ్వలేదు. క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి.

ఇక్కడున్నది అట్లాంటిస్. 2011 జులైలో మొత్తం షటిల్ కార్యక్రమానికి ముగింపు పలికిన 135వ యాత్ర చేసింది ఇదే. చీకటి హాల్లో చిన్న సినిమా వేస్తారు. అది అవగానే తెర వెనక నుంచి అట్లాంటిస్ ముక్కు ఎదురుగా కనపడుతుంది. నాన్న నోట మాట రాలేదు. నౌకను 43.21 డిగ్రీలు పక్కకు వంచి, సరుకు గది తలుపులు తెరిచి, రోబో చేయి చాపి, అంతరిక్షంలో ఎలా ఉంటుందో అలాగే నిలిపారు. ఈ ఏర్పాటు ముందు మిగతా రెండు చోట్లూ దిగదుడుపే.

అదే భవనంలో ఛాలెంజర్, కొలంబియా షటిళ్ల ప్రమాదాల్లో పోయిన 14 మంది జ్ఞాపకాలకు ఒక గది ఉంది. ఛాలెంజర్ పక్క భాగం నుంచి జెండా గుర్తున్న ముక్క, కొలంబియా కాక్‌పిట్ కిటికీల చట్రాలు పెట్టారు. కల్పనా చావ్లా వస్తువుల దగ్గర అమ్మ చాలాసేపు ఉండిపోయింది. గబగబా దాటేసే గది కాదది, టైమ్ ఉంచుకోండి. మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన సాటర్న్ 5 రాకెట్ ఉన్న హాలుకు మాత్రం బస్సులో వెళ్లాలి. ఆ బస్సులు సాయంత్రం మూసే వేళకు చాలా ముందే ఆగిపోతాయి కాబట్టి ఆ పని మధ్యాహ్నంలోపే కానిచ్చేయండి.

హ్యూస్టన్‌లో మేం వెళ్లిన స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌లో అసలైన షటిల్ లేదు. అక్కడ కనిపించే ‘ఇండిపెండెన్స్’ ఒక నమూనా. దాన్ని మోస్తున్న బోయింగ్ 747 మాత్రం నిజంగా షటిళ్లను వీపున ఎక్కించుకుని దేశమంతా తిరిగిన విమానమే. రెండింట్లోకీ ఎక్కి చూడొచ్చు, పిల్లలకు సరదా. నన్ను కట్టిపడేసింది రాకెట్ పార్కులోని సాటర్న్ 5. కెన్నెడీలో ఉన్నదాన్ని అడ్డంగా పైకెత్తి ఉంచితే ఇక్కడ దాదాపు నేలమీదే పడుకోబెట్టారు. 363 అడుగుల పొడవు. దాని పక్కన నడుస్తూ నడుస్తూ ఉంటే ఇంకా అవ్వదు. పైగా దీని మూడు దశలూ ఎగరడానికి తయారైనవే. 1970లో చంద్రుడి మీదికి వెళ్లాల్సిన చివరి అపోలో యాత్రలు రద్దు చేయడంతో ఇలా మిగిలిపోయాయి. అడుగున ఉన్న ఐదు ఎఫ్-1 ఇంజన్ల నోళ్ల ముందు నిలబడితే, ఎగరకుండా ఆగిపోయిందే అన్న బాధ నాకింకా పోలేదు.

చంద్రుడి యాత్రలు నడిపిన మిషన్ కంట్రోల్ గదిని 2019లో పాతకాలపు యాష్‌ట్రేలు, కాఫీ కప్పులతో సహా అప్పట్లాగే తీర్చిదిద్దారు. తప్పక చూడాలి, కానీ లిఫ్ట్ లేదు. మెట్లు ఎనభైకి పైనే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి. ఆ గదికి తీసుకెళ్లే ట్రామ్‌లో సీట్లు త్వరగా అయిపోతాయి, వారం ముందే బుక్ చేసుకోవాలి. ఎండాకాలంలో ట్రామ్ క్యూ అంటే చుక్కలు కనిపిస్తాయి, టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. బసకు పియర్‌ల్యాండ్ వైపు బాగుంటుంది, మీనాక్షి అమ్మవారి గుడి కూడా అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, 2021 జులై 11న అంతరిక్షపు అంచుదాకా వెళ్లొచ్చిన శిరీష బండ్ల పెరిగింది ఈ హ్యూస్టన్‌లోనే.

ఇక వర్జీనియా. వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయం పక్కనే, షాంటిల్లీలో స్మిత్‌సోనియన్ వారి విమాన, అంతరిక్ష మ్యూజియం ఉడ్వర్-హేజీ సెంటర్. ప్రవేశం ఉచితం. పార్కింగ్‌కు 15 డాలర్లు, సాయంత్రం నాలుగు దాటితే అదీ లేదు. అయితే ఐదున్నరకు మూసేస్తారు, గంటన్నరలో ఏమీ చూడలేరు. ఆ 15 డాలర్లు కట్టి పొద్దున్నే వెళ్లండి. చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కాబట్టి ఇడ్లీ దోసెలకూ కొరత లేదు.

ఇక్కడ డిస్కవరీ ఉంది. 39 యాత్రలు, మొత్తం 365 రోజులు అంతరిక్షంలో గడిపిన నౌక. సినిమా లేదు, లైటింగ్ హంగు లేదు. రన్‌వే మీద దిగినట్టే తన చక్రాల మీద నిలబడి ఉంటుంది. రంగులేసి కొత్తగా చేయలేదు, వచ్చినది వచ్చినట్టే ఉంచారు. నాకు అన్నింటికన్నా నచ్చింది అదే.

దగ్గరికెళ్లి ఒళ్లంతా చూడండి. దూరం నుంచి నున్నగా తెల్లగా కనిపించేది నిజానికి కుట్టుపని ఉన్న దుప్పట్లు, దారం వరసలు కూడా కనిపిస్తాయి. కింది వైపు నల్ల టైల్స్. మొత్తం 24 వేల దాకా ఉంటాయి, సన్నటి సిలికా నారతో చేసినవి, లోపల ఎక్కువ భాగం గాలే. ఏది ఎక్కడ అతకాలో అక్కడికే సరిపోయేలా కోసి, ఒక్కోదానికి ఒక్కో నంబరు వేశారు. కొన్ని చోట్ల ఆ అంకెలు ఇప్పటికీ చదవొచ్చు. కొత్తగా మార్చినవి నల్లగా నిగనిగలాడుతుంటే, పాతవి బూడిదరంగుకు తిరిగాయి. వాతావరణంలోకి దిగేటప్పటి వేడికి ముక్కు నుంచి వెనక్కి చారలు పడ్డాయి.

రెక్క ముందు అంచు చూడటం మర్చిపోవద్దు. బూడిదరంగు కార్బన్ పలకలవి. కొలంబియా ఎడమ రెక్కకు ఇంధన ట్యాంకు మీంచి ఊడిన ఫోమ్ ముక్క తగిలి పగిలింది ఇలాంటి పలకే. 2003 ఫిబ్రవరి 1న ఏడుగురి ప్రాణాలు పోయాయి. ఛాలెంజర్, కొలంబియా రెండు ప్రమాదాల తర్వాతా, 1988లో ఒకసారి, 2005లో ఒకసారి, మళ్లీ మొదటగా ఎగిరే బాధ్యత డిస్కవరీదే అయింది. 2005లో టైల్స్ మధ్య నుంచి రెండు పట్టీలు బయటికి పొడుచుకొస్తే, వ్యోమగామి స్టీఫెన్ రాబిన్సన్ రోబో చేయి చివర నిలబడి నౌక పొట్ట కిందికి వెళ్లి చేత్తోనే పీకేశాడు. ఆ పొట్ట ఇదే అని నాన్నకు చెబితే వంగి వంగి చూశారు.

వాలంటీర్లు ఉచితంగా తిప్పి చూపిస్తారు, వాళ్లను వదులుకోవద్దు. వెనకనున్న మూడు ఇంజన్లు అసలువి కావని మాకు చెప్పింది ఒక పెద్దాయనే. అసలైనవి చంద్రుడి మీదికి మళ్లీ వెళ్లే ఆర్టెమిస్ రాకెట్ల కోసం తీసేశారట. అదే హాల్లో అపోలో 11 వ్యోమగాములు తిరిగొచ్చాక ఉన్న క్వారంటైన్ ట్రైలర్ కూడా ఉంది.

డిస్కవరీని హ్యూస్టన్‌కు తరలించాలనే ప్రయత్నం 2025లో మొదలైంది, దాని మీద పెద్ద వాదనే నడిచింది. ఆ టైల్స్‌కు దెబ్బ తగలకుండా అంత దూరం తీసుకెళ్లడం నాకైతే అనవసరపు సాహసం. వెళ్లే ముందు అది ఇంకా అక్కడే ఉందో లేదో ఒకసారి కనుక్కోండి.

చిన్నపిల్లలుంటే, ఒక్కచోటికే టైమ్ ఉంటే, ఖర్చైనా కెన్నెడీకి వెళ్లండి. నౌకను తీరిగ్గా, ముక్కముక్కగా చూడాలనుకునేవారికి మాత్రం షాంటిల్లీయే. ఇండియాలో ఉన్నవాళ్లకు ఢిల్లీ నెహ్రూ ప్లానిటోరియం ఉంది. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ నౌక సోయజ్ టీ-11లో వెళ్లి టీ-10లో దిగారు. ఆ దిగిన క్యాప్సూలే అక్కడుంది, ఆయన స్పేస్ సూట్‌తో పాటు. ఈసారి ఢిల్లీ మీదుగా టికెట్ తీసుకుని అమ్మానాన్నను అక్కడికి తీసుకెళ్లాలి.