ఆక్సిజన్ సెన్సర్: కోడ్ చూస్తే చాలా, లైవ్ డేటా చూడాలా?

అనంతపురంలో కారు చెక్ లైట్ వెలిగితే చాలా షెడ్లలో ముందు స్కానర్ పెడతారు. లోపాన్ని సూచించే కోడ్ నిమిషాల్లో వస్తుంది, అంతవరకు మేలే. కానీ పి0131 అంటే ఆక్సిజన్ సెన్సర్ (ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో పసిగట్టేది) వోల్టేజ్ తక్కువగా ఉందని అర్థం, సెన్సర్ పోయిందని కాదు. ఎగ్జాస్ట్ పైపు లీకై బయటి గాలి చొరబడినా అదే కోడ్ రావచ్చు. అది చూసి వేలు పోసి కొత్తది కొనడం అన్యాయం.

నా ఓటు లైవ్ డేటాకే, అంటే ఇంజిన్ నడుస్తుండగా స్కానర్‌లో కనిపించే సెన్సర్ రీడింగులకే. ఇంజిన్ వేడెక్కాక, పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌కు ముందుండే మామూలు జిర్కోనియా సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. కిందే ఆగిపోతే యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి. వోల్టేజ్ లేచిందా, సెన్సర్ బతికే ఉంది, లీకు వెతకండి. లేవకపోతే వైరింగ్ చూశాకే మార్చండి.

పి0135 వస్తే మాత్రం అది సెన్సర్‌ను వేడిచేసే హీటర్ సర్క్యూట్ సంగతి. ఫ్యూజు చూసి, మల్టీమీటర్‌తో హీటర్ రెసిస్టెన్స్ కొలిస్తే తేలిపోతుంది.