టెలోమియర్ పొడవు పరీక్షా, జన్యు పరీక్షా: ముందు ఏది మేలు?

పోయిన నెల నా పాత విద్యార్థి ఒకడు పీలేరు నుంచి తిరుపతికి వచ్చి ఒక ఫైల్ నా ముందు పెట్టాడు. తొమ్మిదేళ్ల కొడుకుది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. గోళ్లు గీతలు పడి పలచబడ్డాయి, మెడ మీద వల అల్లినట్టు నల్లమచ్చలు, నాలుక మీద తెల్లపొర. "డాక్టర్ రెండు టెస్టులు రాసినారు సార్. ఒకటి చాల్దా?" అన్నాడు. నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, డాక్టర్ని కాను. అయినా నాకు తెలిసింది చెప్పాను.

గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు మూర కొలిచి, దారం తెంచి, చివర ముడి వేసి ఇస్తారు. ముడి లేకపోతే ఇంటికొచ్చేలోగా పూలు జారిపోతాయి. కణంలోని డీఎన్ఏ దారమే క్రోమోజోమ్. దాని చివర్లో టీటీఏజీజీజీ అనే ఆరు డీఎన్ఏ అక్షరాలు వేలసార్లు వస్తాయి, అదే టెలోమియర్. దాని ముడి షెల్టెరిన్ అనే ఆరు ప్రోటీన్ల జట్టు. ఆ ముడి ఊడితే కణం ఆ చివరను తెగిన చోటనుకుని, ఇంకో క్రోమోజోమ్ చివరతో అతికించేస్తుంది.

జట్టులోని టిన్2 ప్రోటీన్ జన్యువులో మార్పులు జబ్బు తెస్తాయని 2008లో తేలింది. ఆ మార్పు ఉంటే టెలోమియర్‌ను పెంచే టెలోమెరేస్ ఎంజైమ్ చివరి దాకా సరిగా చేరదు. విభజన జరిగిన ప్రతిసారీ చివర అరుగుతుంది. ఎప్పుడూ విభజన చెందే ఎముక మజ్జ (రక్తకణాలు తయారయ్యే చోటు), చర్మం, గోళ్లే ముందు దెబ్బతింటాయి. దీన్ని డిస్‌కెరటోసిస్ కంజెనిటా అంటారు.

ఇలాంటి పిల్లాడికి ముందు పొడవు పరీక్షే మేలని నా అభిప్రాయం. రక్తంలోని లింఫోసైట్లనే తెల్లకణాలలో టెలోమియర్ పొడవు కొలిచి, అదే వయసు వాళ్లతో పోలుస్తారు. నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో కనిపించేంత పొట్టిగా ఉంటే అనుమానం బలపడుతుంది. కొన్ని కుటుంబాల్లో ఏ జన్యువులోనూ తప్పు దొరకదు, అప్పుడు కూడా ఈ పరీక్ష దారి చూపిస్తుంది.

కానీ పొడుగ్గా ఉంటే మంచిదనుకోకూడదు. అదే జట్టులోని పాట్1 చెడితే టెలోమెరేస్‌కు అడ్డు ఉండదు, టెలోమియర్లు పొడుగవుతాయి. తప్పులున్న కణాలు ఆగాల్సిన చోట ఆగకుండా బతికేస్తాయి. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఇదే కారణమని 2014లో బయటపడింది. అలాంటి ఇంట్లో జన్యు పరీక్షే ముందు, పొడవు రిపోర్టు చూసి ధైర్యపడటం ప్రమాదం. 'మీ అసలు వయసు చెప్తాం' అంటూ అమ్మే టెలోమియర్ ప్యాకేజీలు రెండింటికీ సాటిరావు.

జన్యు పరీక్షలో చిక్కు కూడా ఉంది. అర్థం తేలని మార్పు ఒకటి కనిపిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అయినా ఈ ఇంటికి అది తప్పదనే చెప్పాను. పిల్లాడి అవ్వ "మేనరికం వల్లే ఇట్లయింది" అని కోడలి మీద పడుతోందట. కొన్ని టెలోమియర్ జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన జన్యువు రావాలి, అక్కడ మేనరికానికి పాత్ర ఉంటుంది. టిన్2 జబ్బుకు ఒక్క చెడు ప్రతి చాలు, అది చాలాసార్లు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ఆ తల్లికి ఈ జవాబు కావాలి.

ఇంకో కారణం పిల్లాడి అక్క. పదమూడేళ్ల అమ్మాయి, చూడ్డానికి ఏ లోపమూ లేదు. మజ్జ మార్పిడి అవసరమైతే ఇచ్చేది ఆ పిల్లే. పైకి ఏమీ కనబడకుండా ఆమెలోనూ అదే మార్పు ఉంటే, ఎక్కించే మజ్జ కూడా అరిగిపోయేదే.

వచ్చే సోమవారం పొడవు పరీక్షకు పిల్లాడి రక్తం ఇస్తారు. జన్యువు తేలాక అక్కనూ వెంట తీసుకెళ్తానన్నాడు.