గేమ్ జర్నలిస్టు అవుదామని డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

"గేమింగ్ జర్నలిజం కోర్సు, ఇంటర్న్‌షిప్ గ్యారంటీ" అని ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ కనిపిస్తే దయచేసి కట్టకండి. నేను 7,500 కట్టాను. మా నాన్న కొబ్బరి దింపు డబ్బుల్లోంచి తీసి ఇచ్చారు. గేమ్‌లన్నా, రాయడమన్నా నిజంగా ఇష్టం ఉన్న కుర్రాళ్ళనే వీళ్ళు పట్టుకుంటున్నారు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మాది సఖినేటిపల్లి వైపు, డిగ్రీ నరసాపురంలో. కోర్సంటే నాలుగు జూమ్ క్లాసులు. అయిదో రోజు నుంచే పని. రోజుకి మూడు ఆర్టికల్స్, ఒక్కోటి 800 పదాలు. ఏదో ఇంగ్లీష్ సైట్‌లో వచ్చిన వార్త లింకు పంపి, గంటలో మార్చి రాయమనేవారు. పొద్దున్నే రేవు దాటేటప్పుడు పంటు మీద బైకుల మధ్య నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్‌లో టైప్ చేసేవాణ్ణి. నడి గోదాట్లో సిగ్నల్ పోయేది. అవతలి ఒడ్డు చేరేసరికి "ఎక్కడున్నావ్ బ్రో, లేట్" అని నాలుగు మెసేజ్‌లు. రెండు నెలల్లో నూట యాభై పైనే రాశాను. ఒక్కదానికీ నా పేరు లేదు, అన్నిటికీ "న్యూస్ డెస్క్". స్టైపెండ్ అడిగితే "ముందు ఎక్స్‌పోజర్ రానీ" అన్నారు. పేరు వెయ్యకుండా అదెలా వస్తుందంటే జవాబు లేదు.

రివ్యూ రాస్తానంటే గేమ్ నన్నే కొనుక్కోమన్నారు. కొనలేనంటే, ట్రైలర్ చూసి పదికి తొమ్మిది ఇచ్చి రాసెయ్యమన్నారు. నాకు బాగా బాధ కలిగించింది ఇదే. ఆ రివ్యూ చదివి మనలాంటివాడే ఎవడో దాచుకున్న డబ్బు పెట్టి కొంటాడు కదా! నిజానికి గేమ్ తయారుచేసేవాళ్ళు రివ్యూ రాసేవాళ్ళకి స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కీ, అంటే గేమ్ తెరిచే కోడ్, ఉచితంగా ఇస్తారు. ఫలానా రోజు దాకా బయటపెట్టకూడదని ఎంబార్గో మాత్రం పెడతారు. కొత్తవాళ్ళకి కీ దొరక్కపోవచ్చు. అప్పుడు స్టీమ్ వాళ్ళు రాబోయే గేమ్‌ల కోసం జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఉచితంగా పెట్టే డెమోలు ఆడి, డెమో మాత్రమే ఆడానని చెప్పి రాయండి.

చివరికి ఒక రమ్మీ యాప్ గురించి లింకు పెట్టి రాయమన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. కేంద్రం 2025లో చేసిన చట్టంలో అయితే అలాంటి వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని ఉంది. ఆర్టికల్ పేరుతో రాసే పిల్లాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. నేను రాయనన్నాను. మర్నాడే గ్రూపులోంచి తీసేశారు, సర్టిఫికెట్ లేదు.

సంతకం పెట్టమని ఏదైనా కాగితం పంపితే రాతలపై హక్కుల గురించి ఏం రాశారో తప్పకుండా చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కానివాడు రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాడే. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే అతని సంతకంతో కాగితం ఉండాలి. అందుకే వీళ్ళకి మన సంతకం మీద అంత తొందర.

తర్వాత నా అంతట నేనే ఒక ఆర్టికల్ రాశాను. 2022 జులైలో బీజీఎంఐని (పబ్‌జీ ఫోన్ గేమ్‌కి ఇండియా వెర్షన్) యాప్ స్టోర్లలోంచి తీసేశారు కదా, మళ్ళీ 2023 మేలో వచ్చేదాకా మా ఊరి కుర్రాళ్ళు సాయంత్రాలు ఏం చేశారని ముగ్గురిని కూర్చోబెట్టి అడిగాను. వారం పట్టింది. వేరేచోటికి పంపే ముందే అక్కడి ఎడిటర్‌ని రేటెంత, నా పేరు వేస్తారా, ఎన్నాళ్ళలో డబ్బు వేస్తారు అని మూడూ అడిగాను. ఆయన విసుక్కోకుండా మెయిల్‌లో రాసి పంపారు. 1,200 అకౌంట్‌లో పడ్డాయి. నాన్నకి మెసేజ్ చూపిస్తే "నీ పేరుతోనే వచ్చిందా?" అని రెండుసార్లు అడిగారు.

7,500 ఇంకా రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. యాడ్ స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దగ్గరుంచుకోవడం చాలా పనికొచ్చింది. ఇప్పటికే కట్టేసినవాళ్ళు గ్రూపులోంచి తీసెయ్యకముందే ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.