తారుమారయ్యే అక్షరాల గుట్టు పట్టించిన స్ట్రేస్

లినక్స్‌లో ఏళ్ల తరబడి వాడుతున్నవాడిగా స్ట్రేస్ గురించి రాస్తున్నాను. ఒక ప్రోగ్రామ్ కెర్నల్‌ని (లినక్స్ గుండెకాయ లాంటి భాగాన్ని) ఏమడిగిందో, కెర్నల్ ఏం జవాబిచ్చిందో వరుసగా రాసి చూపించే పనిముట్టు ఇది. దీని అసలు సత్తా ఏమిటో ఒక టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) బగ్ దగ్గర చూశాను.

పెద్ద టెక్స్ట్ పేస్ట్ చేసి వెంటనే ఎంటర్ కొడితే, ఎప్పుడో ఒకసారి చివరి ముక్క కన్నా ముందే ఎంటర్ వెళ్లిపోయేది. సగం కమాండ్ నడిచేది. ఫైళ్లు తుడిచే కమాండ్ అయితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మళ్లీ చేసి చూపించమంటే రాదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి టెర్మినల్ ద్వారా వెళ్లే పద్ధతి) మీద ఎక్కువగా కనిపించేది కాబట్టి నెట్‌వర్క్‌దే తప్పని కొందరన్నారు. కానీ ఎస్‌ఎస్‌హెచ్ నడిచే టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో బైట్లు పంపిన వరుసలోనే అందుతాయి, ఒకదాన్నొకటి దాటవు. కాబట్టి వరుస అంతకు ముందే చెడుతోంది.

టెర్మినల్‌నే స్ట్రేస్ కింద మొదలుపెట్టి, రీడ్, రైట్ కాల్స్ (చదవమని, రాయమని కెర్నల్‌ని అడిగేవి) మాత్రమే చూశాను. మైనస్ ఎఫ్ ఆప్షన్ పెడితే థ్రెడ్లన్నీ (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) వస్తాయి, మైనస్ టీటీ పెడితే మైక్రోసెకన్లతో సమయం పడుతుంది, మైనస్ వై పెడితే ఏ రైట్ పీటీవైకి (టెర్మినల్‌కీ, అందులో నడిచే ప్రోగ్రామ్‌కీ మధ్య ఉండే గొట్టం లాంటిది) వెళ్తోందో పేరుతో సహా తెలుస్తుంది. బగ్ వచ్చిన చోట లాగ్‌లో మూడే వరుసలు. పేస్ట్ చేసిన టెక్స్ట్ రైట్ అయింది, కానీ అడిగినన్ని బైట్లు పోలేదు. తర్వాత ఎంటర్ తాలూకు ఒక్క బైటు. ఆ తర్వాత మిగిలిన టెక్స్ట్.

అవతలి ప్రోగ్రామ్ చదవడం ఆలస్యమైతే పీటీవై బఫర్ నిండుతుంది. మిగిలిన ముక్కని టెర్మినల్ క్యూలో పెట్టుకునేది, అంతవరకు సరే. ఈలోగా అవతల కాస్త ఖాళీ అయ్యేది. క్యూ కదిలేలోపు ఎంటర్ నొక్కితే, ఆ కీ క్యూ వైపు చూడకుండా నేరుగా రైట్ అయ్యేది. ఆ సన్నటి సందులో కీ పడితేనే బగ్. అందుకే అంత అరుదు. క్యూలో ఏదైనా ఉంటే కొత్త కీ కూడా దాని వెనకే నిలబడాలన్న మార్పుతో సమస్య పోయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, ఇది ప్రోగ్రామ్‌ని బాగా నెమ్మదిస్తుంది. కాలం మీద ఆధారపడ్డ బగ్‌లు దీని కింద ముఖం చాటేస్తాయి. 2019లో స్ట్రేస్ 5.3 వెర్షన్‌తో వచ్చిన సెకాంప్ బీపీఎఫ్ (కాల్స్‌ని కెర్నల్‌లోనే వడగట్టే) ఆప్షన్ వాడితే మనం అడిగిన కాల్స్ దగ్గరే ఆపుతుంది, తేడా తెలుస్తుంది. అయితే అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి అది పనిచేయదు, మొదటి నుంచీ స్ట్రేస్ కిందే నడపాలి. రెండు థ్రెడ్లు ఒకేసారి రాస్తుంటే 'అన్‌ఫినిష్డ్', 'రెజ్యూమ్డ్' అని ఒక్కో కాల్ రెండు ముక్కలవుతుంది. అక్కడ ఏది ముందో లాగ్ చూసి తేల్చలేం.

మామూలుగా 32 బైట్ల తర్వాత టెక్స్ట్ కత్తిరిస్తుంది, మైనస్ ఎస్‌తో పెంచుకోండి. తెలుగు అక్షరాలు ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెలుగా, బైటుకొకటి చొప్పున కనిపిస్తాయి: 'క' అంటే 340, 260, 225. మొదట్లో చిరాకనిపించినా, గుణింతం మధ్యలో తెగిందా అన్నది ఇలాగే స్పష్టంగా తెలుస్తుంది.

ఇంకొకటి తప్పకుండా గుర్తుంచుకోండి. టెర్మినల్ మీద స్ట్రేస్ పెడితే మీరు కొట్టిన పాస్‌వర్డ్ కూడా అక్షరం అక్షరం లాగ్‌లో పడుతుంది. ఆ ఫైలు ఎవరికైనా పంపే ముందు ఆ వరుసలు తీసేయండి.